పదుగురి మేలు - ఒకరి కన్నీరు

“పదిమందికి మేలైన పని” యను మాట మన యిండ్లలో వినబడని దినము లేదు. బావి త్రవ్వించినవానిని గూర్చియు, సత్రము కట్టించినవానిని గూర్చియు, కలహించు నిద్దఱిని సమాధానపఱచిన ముసలమ్మను గూర్చియు మనము ఈ మాటనే పలుకుచుందుము. అబద్ధమాడుట యేల తప్పని పిల్లవాడు అడిగినచో, “దానివలన ఇతరులకు బాధ కలుగును గదా, నాయనా” యని తల్లి చెప్పును. శాస్త్రము చదువకయే మనము పలుకు ఈ రెండు మాటలలో ఒక గొప్ప నీతిశాస్త్రము దాగియున్నది. దానికి ఉపయోగితావాదమని పేరు.

ఇది తత్త్వవేత్తల గోష్ఠికి మాత్రమే తగిన విషయమని సోదరీమణులు పుట త్రిప్పివేయరని నమ్ముచున్నాము. ఉన్న కొంచెమును ఎందఱికి, ఎట్లు పంచవలెనని దినదినము త్రాసు పట్టువారు గృహిణులే కదా! పైగా నందిగామ, జగ్గయ్యపేట సీమలలో కాపురముండు మావంటివారికి ఈ శాస్త్రము గ్రంథములలోనే కాక, పొలము ప్రక్కను పాఱు కాలువలో సైతము కనబడుచున్నది. అది యెట్లో క్రమముగా చెప్పెదము.

ఈ వాదమునకు శాస్త్రరూప మిచ్చినవాడు జెరిమీ బెంథాము అను ఆంగ్లేయుడు (1748-1832). న్యాయవాదవృత్తికై చదివినవాడయ్యు ఆ వృత్తిని విడిచి, చట్టము లెట్లుండవలెనను విచారమునందే జీవితమును గడపెను. ఆ కాలమున ఇంగ్లండులో చిన్న దొంగతనములకును ఉరిశిక్ష యుండెడిది. ఇట్టి క్రూరశాసనము లేల యని యడిగినచో, పూర్వమునుండి వచ్చిన ఆచారమని మాత్రమే పెద్దలు సమాధానము చెప్పెడివారు. బెంథాము అది చాలదనెను. ఈ శాసనమువలన ఎవరికి సుఖము, ఎవరికి దుఃఖము, ఎంత, ఎన్నాళ్ళు అని ప్రశ్నించెను. 1789లో వెలువడిన తన గ్రంథమున ఈ ప్రశ్నకు సమాధానము చెప్పు మార్గమును వివరించెను. అత్యధికసంఖ్యాకుల అత్యధికసుఖము అను భావమును హచిసను అను పండితుడు 1725లోనే వ్రాసియుండెను. దానిని శాసనములకును పాలనకును కొలబద్దగా మలచిన కీర్తి బెంథామునది. ఈయన తన సిద్ధాంతమును చావునందును విడువలేదు. తన శరీరము వైద్యవిద్యార్థుల పరిశోధనకు ఉపయోగపడవలెనని వ్రాసిపోయెను. ఆయన యస్థిపంజరము, ఆయన దుస్తులే తొడుగబడి, లండనులోని యూనివర్సిటీ కళాశాలలో నేటికిని కుర్చీపై కూర్చుండియున్నది.

ఈ వాదమునకు మూలసూత్రములు మూడు. మొదటిది: పని యొక్క మంచిచెడ్డలు దాని ఫలమునుబట్టి యేర్పడును. ఉద్దేశము మంచిదైనను ఫలము చెడ్డదగునని తెలిసియు చేసిన పని మంచిది కానేరదు. రెండవది: ఫలములలో తుదకు లెక్కింపదగినవి సుఖదుఃఖములు. ధనము, అధికారము, కీర్తి మొదలగునవి సుఖసాధనములేగాని వాటికవియే గమ్యములు కావు. మూడవది: లెక్కించునపుడు ప్రతి వ్యక్తియు ఒక్కటే. జమీందారు పదియు, పాలేరు ఒకటియు కారు. మగవాడు రెండు, ఆడుది ఒకటి యని లెక్కింపరాదు. బెంథాము ఈ లెక్కలో నోరులేని పశువులను సైతము చేర్చెను. అవి మాటలాడగలవా యని కాక, బాధపడగలవా యని చూడవలెనని ఆయన మతము.

ఉపయోగము అనగా స్వలాభము అని కొందఱు భ్రమపడుదురు. అది సరికాదు. స్వలాభమును చూచుకొనువాడు తనను నూఱుగా లెక్కించుకొని ఇతరులను సున్నగా నెంచును. ఉపయోగితావాది తనను ఒకనిగానే యెంచుకొనవలెను, అంతకు మించరాదు. అందుచేత ఈ ధర్మము పైకి తోచునంత సులభమైనది కాదు.

సుఖమును కొలుచుటకు బెంథాము ఏడు కొలతలు చెప్పెను. అవి తీవ్రత, కాలపరిమితి, నిశ్చయము, సామీప్యము, సంతానము, శుద్ధి, వ్యాప్తి. ఇందు సంతానమనగా ఒక సుఖము మఱికొన్ని సుఖములను కనుట. శుద్ధి యనగా దానివెంట దుఃఖము కలిసిరాకుండుట. వ్యాప్తి యనగా అది యెందఱికి చెందునను విషయము. ఒక యుదాహరణము చెప్పెదము. నందిగామలో ఒక సామాన్యకుటుంబము కలదనుకొందము. ఆ యేడు మిరప ధర కలిసివచ్చి కొంత సొమ్ము చేతికి వచ్చినది. కొడుకు పుట్టువెండ్రుకల వేడుకకు మూడువందలమందికి విందు చేయవలెనని ఇంటి పెద్దల కోరిక. కూతురు విజయవాడ కళాశాలలో చేరవలెనని కోరుచున్నది. సొమ్ము రెంటికిని చాలదు.

ఇపుడు కొలతము. తీవ్రతలో విందుదే పైచేయి, ఆ సందడి అట్టిది. నిశ్చయమునందును విందే గెలుచును. భోజనము పెట్టిన సంతోషము తప్పక కలుగును, చదువు ఫలించునో లేదో ఎవరు చెప్పగలరు? సామీప్యమునందును అంతే. విందు వచ్చు నెలలో, చదువుఫలము నాలుగేండ్లకు. ఇక కాలపరిమితి చూడుడు. విందు ఒక్క పూట, విద్య యావజ్జీవము. సంతానమన్ననో, విందు మఱునాటికి విస్తళ్ళే మిగుల్చును. చదువుకొన్న తల్లి తన బిడ్డలకు చదువు చెప్పుకొనును. శుద్ధిలో విందువెంట అప్పు వచ్చుటయు కలదు. వ్యాప్తియందు మూడువందలమంది ఒక పూట తృప్తి యొకవైపు, ఒక యింటి రాబోవు తరముల మేలు మఱియొకవైపు. మూడు కొలతలు విందువైపును, నాలుగు చదువువైపును మ్రొగ్గినవి. ఈ లెక్క అంకగణితమువలె కచ్చితమైనది కాదు. అయినను కన్నులయెదుట నున్న సందడి మాత్రమే సుఖము కాదనియు, దూరమందుండుటచేతనే ఒక సుఖము చిన్నదిగా కనబడుచుండునేమో యని తెలిసికొనుట ఇంటి యిల్లాలికి గొప్ప సాయము.

బెంథాముయొక్క శిష్యుని కుమారుడు జాన్ స్టూఆర్టు మిల్లు (1806-1873). ఇతడు మనదేశమును పాలించిన ఈస్టిండియా కంపెనీవారి లండను కచ్చేరీలో 1823 మొదలు 1858 వఱకు ఉద్యోగము చేసెను. చిన్ననాటినుండి లెక్కలును తర్కమును నూఱిపోయబడిన ఈతనికి ఇరువది యేండ్ల వయసున మనస్సు ఎండిపోయినట్లై జీవితమునం దాశ సన్నగిల్లెను. అపుడు వర్డ్సువర్తు కవిత్వము చదువగా మరల చిగిర్చెను. ఈ యనుభవము కలవాడు కాబట్టియే సుఖములలో పరిమాణమేగాక గుణభేదము సైతము కలదని 1861లో వ్రాసెను. కడుపునిండిన సుఖమును, కావ్యము చదివిన సుఖమును ఒక్క త్రాసున తూచరాదు. రెండును ఎఱిగినవారు దేనిని కోరుదురో అదియే మేలైనది.

మిల్లును మన స్త్రీలు మఱువరాదు. హారియెట్టు టైలరు అను విదుషి ఆయనకు చిరకాల మిత్రురాలై, 1851లో భార్యయయ్యెను. తన భావములలో ఆమె భాగమెంతో యాయన పలుమాఱులు చెప్పుకొనెను. స్త్రీలకు వోటుహక్కు కోరు వినతిపత్రమును 1866లో పార్లమెంటున సమర్పించినవాడు ఈయనయే. 1869లో స్త్రీల పరాధీనతను ఖండించుచు ఒక గ్రంథమే ప్రకటించెను. అందును ఆయన వాదము ఉపయోగమును విడిచినది కాదు. మనుష్యజాతిలో సగముమంది శక్తిని వంటయింట మూసిపెట్టినచో, నష్టపోవునది ఆ సగమే కాదు, లోకమంతయు ననెను. స్త్రీకి విద్యయు స్వేచ్ఛయు ఇచ్చుట దయాధర్మము కాదనియు, లెక్క సరిగా చేసినచో తేలు ఫలమే యదియనియు దాని సారము.

ఇంతవఱకు వినుట కింపుగానే యున్నది. ఇక చిక్కు వచ్చుచున్నది. పదుగురి మేలు కొఱకు ఒకరిని బలియిచ్చుట ధర్మమా? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. ఆదిపర్వమున ఏకచక్రపురపు కథను అందఱును ఎఱుగుదురు. బకాసురుడు ఊరందఱిని ఒక్కమాఱు మ్రింగకుండుటకై, దినమునకొక యింటివారు బండెడన్నముతోపాటు ఒక మనుష్యుని పంపునట్లు ఊరివారు ఏర్పాటు చేసికొనిరి. లెక్క చూచినచో అది తప్పు కాదు. ఒకరు పోయి వేలమంది బ్రతుకుచున్నారు. కాని వంతు వచ్చిన బ్రాహ్మణుని యింట ఏమి జరిగినది? నేను పోయెద నని భర్త, నేను పోయెద నని భార్య, నేనని కూతురు, పుడక చేతబట్టుకొని రాక్షసుని చంపెదనను పసివాడు! ఊరి లెక్కలో ఒకటి యను నంకెగా నున్నది ఆ యింటిలో లోకమంతయు నైయుండెను. ఆ యేడుపు కుంతీదేవి చెవిని పడినది. ఊరివారి లెక్కను ఆమె తప్పనలేదు. ఆ లెక్క యంతటితో ముగిసినదని మాత్రము ఒప్పుకొనలేదు. బలిలేకయే ఊరిని రక్షించు మార్గము వెదకి, భీముని పంపెను.

విదురుడు ధృతరాష్ట్రునకు చేసిన బోధయు ఇట టనుసంధేయము. కులము కొఱకు ఒకనిని, ఊరి కొఱకు ఒక కులమును, దేశము కొఱకు ఒక యూరిని విడువవచ్చునని మెట్లు కట్టి చెప్పిన ఆ నీతి, తుదిమెట్టున తలక్రిందగుచున్నది. ఆత్మ కొఱకు భూమినంతను విడువవలెనట! అనగా ఎంతటి పెద్దసంఖ్యయు కొనజాలనిది ఒకటి కలదని మన పెద్దలును తలచిరన్నమాట.

ఇక మా సీమకు వచ్చెదము. 1832-33 నాటి నందననామ సంవత్సరపు కఱవు గుంటూరు సీమను శ్మశానము చేసినది. ఆ తరువాత 1852లో మొదలై 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. దిగువనున్న డెల్టా వరిచేలతో పచ్చనైనది. ఎగువనున్న మా మెట్టసీమకు ఆ నీరు ఎక్కదు కదా! కృష్ణ చెంతనే పాఱుచున్నను నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు ప్రాంతములవారు వానను, చెఱువును నమ్ముకొని జొన్న, కంది, ప్రత్తి పండించుకొనిరి. ఈ కొఱత తీర్చుటకై ఎగువ నందికొండయొద్ద ఆనకట్ట కావలెనని పాటుపడినవారిలో, జగ్గయ్యపేటకు చేరువనున్న ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు ముఖ్యులు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. లాల్ బహదూరు పేరు పెట్టబడిన ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మము సీమలను తడిపి మా మెట్టసీమకు చేరినది. దాని క్రింద ఉద్దేశింపబడిన ఆయకట్టు పది లక్షల యెకరములకు పైబడినది. ఎండిన నేలను వరి పండినది. ఇది అత్యధికసంఖ్యాకుల సుఖము కాదని ఎవరనగలరు?

అయితే ఈ నీటి క్రింద ఒక లోయ యున్నది. నాగార్జునకొండ లోయలోని పల్లెలవారు వేలసంఖ్యలో ఇండ్లు వాకిండ్లు విడిచిపోయిరి. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి శిథిలములును అచటనే యుండెను. 1954 మొదలు 1960 వఱకు పురాతత్త్వశాఖవారు త్వరత్వరగా త్రవ్వి, దొరకిన శిల్పములను కొన్ని కట్టడములను కొండమీదికి తరలించిరి. ఆ కొండ ఇపుడు జలాశయమున దీవియైనది. అచటి మహాచైత్యమునకు ధర్మము చేసినది శ్రీ శాంతమూల మహారాజు సోదరి చాంతిసిరి. ఇహపరములందు హితసుఖములను కోరి ఆమె స్తంభములు నిలిపెను. ఆ వంశపు వీరపురుషదత్తుని కాలపు శాసనములు మన జగ్గయ్యపేట స్తూపమునందును లభించినవి. లోకహితము కోరి ఒక స్త్రీ నిలిపిన స్తంభములకే, పదునేడువందల యేండ్లకు, మఱియొక లోకహితము కొఱకు చోటు మాఱవలసివచ్చినది! కాని రాతిని కొండమీదికి ఎక్కింపవచ్చును. పల్లెను ఎక్కించుట యెట్లు?

ఇట్టిదే మఱియొకటి మా చేరువలో జరిగినది. వరదనీటిని నిలిపి డెల్టాలోని పదమూడు లక్షల యెకరములకు సకాలమున అందించుటకై కృష్ణపై పులిచింతల ప్రాజెక్టు కట్టబడి, 2013 డిసెంబరు 7వ తేదీన జాతికంకితమైనది. దాని నిలువ 45.77 టి.ఎం.సి.లు. దానికి కె. ఎల్. రావుగారి పేరు పెట్టిరి. నీరు పాఱునది దిగువ డెల్టాకు, మునిగినవి అప్పటి గుంటూరు, నల్లగొండ జిల్లాల పల్లెలు. లాభము పొందువారు ఒకచోట, మూల్యము చెల్లించువారు మఱియొకచోట. ఉపయోగితావాదములోని బలహీనత ఇదియే. మొత్తము ఎంత పెరిగినదో అది చెప్పును. ఎవరి విస్తరిలోనుండి తీసి ఎవరి విస్తరిలో వేసినారో చెప్పదు.

కావున ఈ వాదమును త్రోసివేయవలెనా? వలదని మా యభిప్రాయము. సాగరము కట్టకున్నచో మెట్టసీమ బిడ్డల ఆకలియు ఒక దుఃఖమే. దానిని లెక్కింపకుండుటయు అధర్మమే. తప్పు త్రాసునది కాదు, తూచినవారిది. తూచునపుడు ముఖ్యముగా మూడు విషయములు మఱవరాదు.

మొదటిది, లెక్క పూర్తిగా వేయవలెను. భూమి పోయినవానికి పట్టానుబట్టి పరిహారము దొరకును. పట్టా లేని కూలివానికి, ఆ భూమిలో జీవితమంతయు కలుపు తీసిన యిల్లాలికి ఏమి దొరకును? పట్టాలు చాలవఱకు మగవారి పేరనే యుండును. నీళ్ళబావి, ప్రసవమునకు తోడువచ్చు ఇరుగమ్మ, చేబదులిచ్చు పొరుగమ్మ, గ్రామదేవత చెట్టు, ఇవి ఏ రికార్డులోను ఎక్కవు. కాని ఇవి పోయినపుడు కలుగు దుఃఖము స్త్రీలకు నిజమైనది. 2013లో చేయబడిన భూసేకరణ చట్టము ఈ త్రోవను కొంత నడచినది. ప్రజలకు కలుగు కష్టములకంటె మేలు అధికమా యని ముందుగా విచారింపవలె ననియు, భూమి లేకున్నను దానిపై జీవించినవారును బాధితులే యనియు అది చెప్పుచున్నది. వితంతువులను, విడాకులు పొందినవారిని, విడువబడిన స్త్రీలను వేఱు కుటుంబములుగా లెక్కింపవలెనని అందు వ్రాయబడినది. ప్రతి వ్యక్తియు ఒక్కటి యను సూత్రము చట్టమున స్త్రీ పేర వ్రాయబడుటకు బెంథాము గ్రంథము పుట్టిన పిదప రెండువందల యేండ్లకు పైగా పట్టినది.

రెండవది, మూల్యమెప్పుడును ఒక్కరే చెల్లించునట్లు ఉండరాదు. ఏకచక్రపురమున సైతము వంతులుండెను. పదుగురి మేలునకై ఒకరు ఇల్లు విడిచినచో, ఆ మేలులో వారికి ముందు పాలు రావలెను. దీపము వెలుగుటకు ఊరు ఇచ్చినవారి యింట చీకటి యుండరాదు.

మూడవది, కొన్నిటిని త్రాసున వేయనే కూడదు. మిల్లు సైతము న్యాయమును తక్కిన ప్రయోజనములన్నిటికంటె ఉన్నతమైన ప్రయోజనముగా చెప్పెను. నేడు వీని హక్కు పోయిన ఊరకున్నచో, రేపు ఎవరి హక్కునకును స్థిరత లేదు. ఆ భయము అందఱి సుఖమును హరించును. కావున లెక్కయే లెక్కకు హద్దు చెప్పుచున్నది.

ఇప్పుడు ఇంటి మాట. ఇంటిలో ఈ శాస్త్రమును అమలుజరుపు యిల్లాలు ఒక చిత్రమైన తప్పు చేయుచుండును. భర్త, పిల్లలు, అత్తమామలు, పనిమనిషి, వాకిట ఆవు, అందఱిని లెక్కించి, తనను మఱచును. అందఱును తినిన పిమ్మట మిగిలినది తినుటయు, జ్వరము వచ్చినను చెప్పకుండుటయు త్యాగమని లోకము పొగడును. మా వారు బడిపిల్లలకు లెక్కలు నేర్పునపుడు, ఒక్క యంకె వదలినను మొత్తము తప్పే యని చెప్పుచుందురు. ఇంటి లెక్కయు అంతే. తనను రెండుగా లెక్కించుకొనుట స్వార్థము. సున్నగా లెక్కించుకొనుటయు లెక్కతప్పే. పైగా తనను సున్నగా చూచుకొను తల్లిని చూచి పెరిగిన కూతురు తనను సున్నగాను, కొడుకు తన భార్యను సున్నగాను ఎంచుట నేర్తురు. ఆ దుఃఖమునకు సంతానము ఎక్కువ.

కాలువ బాగుగా పాఱుచున్నదా లేదా యని తెలియవలెనన్నచో తూమువద్ద నిలిచి చూచిన చాలదు. ఎడమకాలువ చివరనుండు మావంటి సీమలవారికి ఇది బాగుగా తెలియును. కొసచేనికి నీరు అందినదా యని అడుగవలెను. ఏ మేలునకైనను ఇదియే పరీక్ష. ఊరిలోనైనచో ముంపునకు ఇల్లిచ్చినవారిని అడుగుడు. ఇంటిలోనైనచో కడపట కూర్చుండి తినునామెను అడుగుడు. వారును మేలే యన్ననాడు అది నిజముగా పదుగురి మేలు.